అటకలో కరెంటు కేబుల్: తొడుగు కన్నా దారి ముఖ్యం

మీ ప్రశ్నలో నిజానికి నాలుగు ప్రశ్నలున్నాయి కనుక ముందు వాటిని విడదీసి చెప్పుకుంటాను. డాలస్ శివారులో 2006లో కట్టిన మీ రెండంతస్తుల ఇంట్లో ప్యానెల్, అంటే బ్రేకర్ల పెట్టె, గ్యారేజీలో ఉంది. పైన ఖాళీగా ఉన్న పడకగదిని ఆఫీసు గదిగా మార్చుకుని, దానికి ప్యానెల్ నుంచి విడిగా 20 ఆంపియర్ల సర్క్యూట్ ఒకటి అటక మీదుగా తీసుకువెళ్లాలనుకుంటున్నారు. పని చూడటానికి వచ్చిన మనిషి పసుపు రంగు 12/2 కేబుల్‌ను అటకలో వేడిని ఆపడానికి పరిచిన దూది వంటి ఇన్సులేషన్ మీద పరుచుకుంటూ పోతే చాలన్నాడు. షికాగోలో ఉన్న మీ బావగారు మాత్రం పైపులో వేయకపోతే ప్రమాదమన్నారు. వేసవిలో అటక వేడికి కేబుల్ తట్టుకుంటుందా అన్నది మీ మూడో సందేహం. వచ్చే ఏడాది కారు చార్జర్ కోసం అదే దారిలో ఇంకో కేబుల్ వేసుకోవచ్చా అన్నది నాలుగోది.

నేను ఇక్కడ 19 ఏళ్లుగా ఇళ్ల వైరింగ్ పనిలో ఉన్నాను. ఈ ఏళ్లలో అటకల్లో నా కంటపడిన చెడిన కేబుళ్లలో కేవలం వేడికి చెడినవి బహు తక్కువ. కాలి కింద నలిగినవి, తర్వాత ఎవరో కొట్టిన మేకు దిగినవి, స్టేపుల్ (కేబుల్‌ను కర్రకు బిగించే రెండు కాళ్ల మేకు) బిగువుకు చితికినవి, ఎలుక కొరికినవి ఎక్కువ. అంటే దెబ్బ చాలావరకు అటకలోకి వచ్చే మనిషి వల్లే తగులుతుంది. అందుచేత ఏ తొడుగు వేయాలన్న ప్రశ్న కన్నా, మనిషి పాదమూ మేకూ పడని చోటు మీదుగా కేబుల్‌ను ఎలా నడిపించాలన్న ప్రశ్న ముందు వేసుకోవాలి. దారి సరిగ్గా కుదిరితే తొడుగు అవసరం చాలా చోట్ల దానంతటదే తప్పిపోతుంది.

మనకు ఈ విషయం కొత్తగా అనిపించడానికి కారణం ఉంది. మన ఊళ్లలో స్లాబు వేసేటప్పుడే పీవీసీ పైపులు కాంక్రీటులో పరిచేసి, గోడలకు గాడి కొట్టి, వాటిలో విడి వైర్లు లాగుతారు. అటక అంటే వంటింట్లో గంగాళాలు, పచ్చడి జాడీలు పెట్టుకునే గట్టు మాత్రమే. ఇక్కడి ఇల్లు చెక్కతో అల్లిన పంజరం వంటిది. సీలింగ్‌ను మోసే అడ్డ దూలాలను జాయిస్టులు అంటారు, కప్పును మోసే ఏటవాలు కర్రలను రాఫ్టర్లు అంటారు. అవి మన పెంకుటింటి దూలాలూ వాసాలే. వాటి మధ్య ఖాళీలో మీ ఇంటి కేబుళ్లలో సగం ఉన్నాయి. ఆ కేబుల్ పేరు ఎన్‌ఎం-బి. అందరూ రోమెక్స్ అంటారు గాని అది ఒక తయారీదారు పెట్టుకున్న పేరు. లోపల ఒక నల్ల వైరు, ఒక తెల్ల వైరు, ఒక బోసి రాగి తీగ ఉండి, పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. ఇప్పటి కేబుళ్లలో తొడుగు తెల్లగా ఉంటే 14 గేజి (ఈ అంకె తగ్గేకొద్దీ తీగ లావు), పసుపుగా ఉంటే 12 (12/2 అంటే 12 గేజి వైర్లు రెండు, బోసి తీగ కాక), నారింజగా ఉంటే 10, నల్లగా ఉంటే 8 లేదా అంతకన్నా లావైనది.

ఇక్కడే ఒక హెచ్చరిక చేయకుండా ముందుకు వెళ్లలేను. మన దగ్గర ఫేజుకు ఎరుపు, న్యూట్రల్‌కు నలుపు, ఎర్తుకు ఆకుపచ్చ వాడటం అలవాటు. ఇక్కడ నల్ల వైరే కరెంటున్నది, తెల్లది న్యూట్రల్, బోసి రాగి ఎర్తు. ఇంటి దగ్గర ఫ్యూజు కట్టిన అనుభవంతో నల్ల వైరును న్యూట్రల్ అనుకుని చేయి పెట్టినవారు నాకు తెలుసు. రంగును కాదు, మీటరును నమ్మండి.

ఇప్పుడు మీ బావగారి మాట. ఆయన చెప్పింది ఆయన ఊరికి నిజమే. షికాగో నగర నియమావళి ఇళ్లలో కూడా లోహపు పైపులోనే వైరింగ్ చేయమంటుంది, ఎన్‌ఎం కేబుల్‌ను ఒప్పుకోదు. టెక్సస్‌లో రాష్ట్రమంతటికీ జాతీయ విద్యుత్ నియమావళి, అంటే ఎన్‌ఈసీ, ఆధారం. దాని 2023 సంచిక ఇక్కడ 2023 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం మీ ఇంటి వంటి చెక్క కట్టడంలో ఎన్‌ఎం-బి కేబుల్‌ను పైపు లేకుండా అటకలో వేయవచ్చు, కానీ ఎక్కడ, ఎలా అన్నదానికి షరతులున్నాయి. కనుక పైపు తప్పనిసరి కాదు. అలాగని ఇన్సులేషన్ మీద పరిచేయడమూ కుదరదు.

పరిచేయడం ఎందుకు కుదరదో చెబుతాను. ఎన్‌ఎం కేబుల్‌ను ప్రతి నాలుగున్నర అడుగులకు ఒకసారైనా కర్రకు బిగించాలి. ప్లగ్గో స్విచ్చో బిగించే పెట్టెలోకి దిగే చోటికి 12 అంగుళాల లోపు ఒక బిగింపు ఉండాలి. కేబుల్ను పట్టే క్లాంపు లేని చిన్న ప్లాస్టిక్ పెట్టె అయితే 8 అంగుళాల లోపు ఉండాలి. మూసిన గోడలో పై నుంచి కిందికి జారవిడిచిన భాగానికి దీని నుంచి మినహాయింపు ఉంది, తెరిచి ఉన్న అటకకు లేదు. పైగా దూది వంటి ఇన్సులేషన్ మీద వదులుగా పడున్న కేబుల్ పాదానికీ, ఏసీ మెకానిక్ ఈడ్చే సామానుకూ చిక్కుకుంటుంది. ఏడాది తిరిగేసరికి అది ఇన్సులేషన్‌లోకి సగం కుంగి, ఎక్కడుందో ఎవరికీ కనిపించకుండా పోతుంది. కనిపించని వదులు కేబుల్ అన్నిటికన్నా చెడ్డది.

దారి ఎంచుకునే పద్ధతి ఇది. ముందుగా ప్యానెల్ పైనున్న గోడ తల, ఆఫీసు గది గోడ తల అటకలో ఎక్కడెక్కడ వస్తాయో గుర్తించండి. ఆ రెండింటి మధ్య జాయిస్టులు ఏ దిశలో సాగుతున్నాయో చూడండి. జాయిస్టు పొడవునా, దాని పక్క ముఖానికి ఆనించి కేబుల్‌ను నడిపించే భాగం ఎంత ఎక్కువగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే అలా సమాంతరంగా సాగే కేబుల్‌కు రక్షక పట్టీ ఏదీ అక్కరలేదని నియమమే చెబుతుంది. ఒక్క షరతు మాత్రం ఉంది: కేబుల్ కర్ర అంచుకు ఒకటింబావు అంగుళం కన్నా దగ్గరగా ఉండకూడదు. రేపు ఎవరో సామాను పెట్టుకోవడానికి జాయిస్టుల మీద ప్లైవుడ్ పరిచి స్క్రూలు దింపుతారు, అవి పై అంచు నుంచి లోపలికి వస్తాయి. కింద నుంచి డ్రైవాల్ (సీలింగ్‌కూ గోడలకూ కొట్టే జిప్సం పలక) స్క్రూలు ఎప్పుడో దిగి ఉంటాయి. అర అంగుళం డ్రైవాల్‌ను దాటి వచ్చే మామూలు స్క్రూ మొన కర్రలోకి ఒకటింబావు అంగుళం లోతుకు రాదు. 2x6 కర్ర నిజమైన వెడల్పు ఐదున్నర అంగుళాలు కనుక కేబుల్‌ను దాని పక్క ముఖం నడుమన బిగిస్తే పైనా కిందా రెండున్నర అంగుళాల వరకు ఎడం మిగులుతుంది. 2x4 అయితే మూడున్నర అంగుళాలే. అక్కడ నడిమధ్య తప్ప వేరే చోటు లేదు.

దూలాలకు అడ్డంగా వెళ్లాల్సిన చోటనే అసలు ఆలోచన కావాలి. తేలికని చాలామంది జాయిస్టుల తలల మీదుగా కేబుల్‌ను ఈడ్చి స్టేపుళ్లు కొడతారు. అటకలో నడిచే మనిషి అడుగు పెట్టగలిగింది కూడా ఆ తలల మీదే; మధ్యలో పెడితే సీలింగ్ చీల్చుకుని కింది గదిలో తేలతాడు. అంటే ఆ కేబుల్‌ను నడక బాటకు అడ్డంగా వేసినట్టే. అందుకే జాయిస్టుల తలల మీదుగా గాని, నేల జాయిస్టుల నుంచి 7 అడుగుల ఎత్తులోపు రాఫ్టర్ల ముఖాల మీదుగా గాని అడ్డంగా పోయే కేబుల్‌కు రెండు పక్కలా, కనీసం కేబుల్ అంత ఎత్తున్న చెక్కపట్టీలు కొట్టాలన్నది నియమం. ఆ అటకకు స్థిరంగా బిగించిన మెట్లో నిచ్చెనో ఉంటే ఈ రక్షణ అటక అంతటా కావాలి. అవేవీ లేక సీలింగ్‌లో ఒక రంధ్రపు తలుపు మాత్రమే ఉంటే, ఆ రంధ్రం అంచు నుంచి 6 అడుగుల వరకు ఉన్న భాగానికే కావాలి. మీ గ్యారేజీలో లాగితే దిగే మడత నిచ్చెన ఉందన్నారు. అది ఫ్రేముకు బిగించి ఉన్నదే కనుక మీకు మొదటి నియమమే వర్తిస్తుందనుకుని పని చేయండి. నియమం ఎలా ఉన్నా, నిచ్చెన చుట్టూ ఉన్న ఆ ఆరడుగుల చోటులోకి కేబుల్ రానివ్వకపోవడమే నా పద్ధతి. మన ఇళ్లలో అక్కడే ఇండియా ప్రయాణపు సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టెలు, కృత్రిమ క్రిస్మస్ చెట్టు ఉంటాయి. ఏడాదికి నాలుగుసార్లు వాటిని ఈడుస్తారు.

చెక్కపట్టీల కన్నా నాకు నచ్చిన మార్గాలు రెండున్నాయి. నడిమి శిఖరం దగ్గర అటక ఎత్తుగా ఉంటే, జాయిస్టుల నుంచి 7 అడుగులకు పైన రాఫ్టర్ ముఖాల మీదుగా అడ్డంగా దాటించవచ్చు, అక్కడ పట్టీ అక్కరలేదు. కానీ కప్పు కింద అంత ఎత్తున వేడి కూడా ఎక్కువ, ఆ లెక్క తర్వాత చెబుతాను. రెండోది జాయిస్టులకు రంధ్రాలు చేసి వాటి గుండా కేబుల్‌ను నడిపించడం. మామూలు కర్ర జాయిస్టు అయితే రంధ్రం వ్యాసం కర్ర లోతులో మూడో వంతు దాటకుండా, పై కింది అంచులకు 2 అంగుళాలు ఎడంగా ఉండాలి. మూడు వంతుల అంగుళం బిట్టు మీకు సరిపోతుంది. అయితే మీ కప్పును నిలబెట్టినవి ట్రస్సులైతే, అంటే 2x4 కర్రలను ఇనుప పళ్ల బిళ్లలతో త్రికోణాలుగా అతికి ఫ్యాక్టరీ నుంచి తెచ్చినవైతే, డ్రిల్లును కింద పెట్టేయండి. ట్రస్సులో ఏ కర్రనూ ఇంజినీరు అనుమతి లేకుండా కోయకూడదు, గాడి కొట్టకూడదు, రంధ్రం చేయకూడదు. వాటి పక్క ముఖాలకు స్టేపుల్ కొట్టడం వరకు పరవాలేదు. దూరాన్ని లెక్కచేయకుండా చుట్టు తిరిగి గోడ తలల వెంట వెళ్లడం ట్రస్సుల అటకలో తరచు మేలైన దారి అవుతుంది. 20 అడుగుల కేబుల్ ఎక్కువ ఖర్చయితే అవుతుంది.

గోడ తల మీద రెండు కర్రలు ఒకదాని మీద ఒకటి పడుకుని ఉంటాయి, కేబుల్ గదిలోకి దిగాలంటే వాటి గుండా రంధ్రం చేయాలి. ఈ ఒక్క చోట అంకెలు ముచ్చటగా కుదురుతాయి. కర్ర వెడల్పు మూడున్నర అంగుళాలు. సరిగ్గా నడుమ ఒక అంగుళం రంధ్రం చేస్తే ఇరువైపులా మిగిలేది ఒకటింబావు అంగుళం, అంటే నియమం అడిగిందే. మూడు వంతుల అంగుళం రంధ్రమైతే ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది. బిట్టు పక్కకు జారి ఎడం తగ్గితే, ఆ చోట పదహారో వంతు అంగుళం మందమున్న ఉక్కు బిళ్లను కర్ర ముఖానికి కొట్టాలి. దాన్ని నెయిల్ ప్లేట్ అంటారు. డ్రైవాల్ బిగించి ఉన్న గోడకు తర్వాత ఆ బిళ్ల కొట్టడం కష్టం కనుక రంధ్రాన్ని నడుమనే చేయడం ఉత్తమం. కేబుల్ దింపాక ఆ రంధ్రాన్ని నిప్పును అడ్డుకునే సీలెంట్‌తో మూయండి. గోడలో పుట్టిన మంట ఆ రంధ్రం గుండా పొగగొట్టంలా అటకకు ఎక్కుతుంది. ఇది చాలామంది మరిచిపోయేది, ఇన్‌స్పెక్టరు మరవనిది.

స్టేపుళ్ల గురించి నా తప్పు ఒకటి చెబుతాను. పని నేర్చుకునే రోజుల్లో, కేబుల్ కదలకుండా ఉండాలన్న ఉత్సాహంతో, స్టేపుల్‌ను సుత్తితో తొడుగు అణిగేదాకా కొట్టేవాడిని. అలా వేసిన ఒక సర్క్యూట్ ఏడు నెలలు బాగానే నడిచి, చలికాలంలో గదిలో హీటరు పెట్టగానే పదేపదే ట్రిప్ అవడం మొదలుపెట్టింది. వారం తిరిగి వెతికితే అటకలో ఒక స్టేపుల్ కింద నల్ల వైరు తోలు చితికి, పక్కనే ఉన్న బోసి రాగి తీగకు తాకీ తాకనట్టుంది. నా చేత్తో నేనే దాన్ని చంపుతూ వచ్చాను. స్టేపుల్ కేబుల్‌ను పట్టుకోవాలి గాని నొక్కకూడదు. బిగించాక కేబుల్‌ను వేళ్లతో లాగితే కొద్దిగా జరగాలి. బల్లపరుపు కేబుల్‌ను నిలువుగా నిలబెట్టి కొట్టవద్దు. ప్లాస్టిక్ మెత్తలున్న స్టేపుళ్లు వాడండి. ఒకే స్టేపుల్ కింద రెండు కేబుళ్లు పెట్టాలంటే అందుకు ఆమోదించినట్టు డబ్బా మీద రాసి ఉండాలి. మూల తిరిగే చోట కేబుల్ వెడల్పుకు కనీసం ఐదింతల వ్యాసార్ధంతో వంపు ఇవ్వండి, కాగితం మడిచినట్టు మడవవద్దు.

ఇక వేడి. ఇక్కడి జులైలో మధ్యాహ్నం అటకలో 130 నుంచి 140 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 55 నుంచి 60 సెల్సియస్ వరకు ఉండటం వింత కాదు. ఎన్‌ఎం-బి లోపలి వైర్ల తోలు 90 డిగ్రీల సెల్సియస్‌కు తట్టుకునేది, కనుక అటక గాలికి అది కరగదు. గాలి వేడికి వైరు తన సొంత వేడిని కూడా కలుపుకుంటుంది కాబట్టి ఎంత కరెంటు పంపవచ్చన్నదే ప్రశ్న. నియమావళి పట్టికలో 12 గేజి రాగికి 90 డిగ్రీల వరుసలో 30 ఆంపియర్లు రాసి ఉంది. ఆ పట్టిక 30 డిగ్రీల గాలికి వేసింది. 56 నుంచి 60 డిగ్రీల గాలికి గుణకం 0.71. 30ని 0.71తో గుణిస్తే 21.3 వస్తుంది. మీ బ్రేకరు 20 కనుక ఒంటరిగా వెళ్లే ఒక కేబుల్‌కు చింత లేదు. ఇంత చేసినా ఎన్‌ఎం కేబుల్ మీద తుది పరిమితి 60 డిగ్రీల వరుసలోనిదే కాబట్టి 12 గేజికి 20 దాటి వాడకూడదు, 21.3 వచ్చిందని 25 బ్రేకరు పెట్టకండి.

గుంపుగా వెళ్తేనే చిక్కు వస్తుంది. మూడు కేబుళ్లు ఎడం లేకుండా కలిసి 24 అంగుళాలకు పైగా సాగినా, లేక రెండు కన్నా ఎక్కువ కేబుళ్లు ఒకే రంధ్రం గుండా దిగి ఆ రంధ్రాన్ని ఫోముతో మూసినా, అవి ఒకదాని వేడి ఒకటి పంచుకుంటాయని లెక్క. మూడు కేబుళ్లలో కరెంటు మోసే వైర్లు ఆరు. నాలుగు నుంచి ఆరు వైర్లకు 80 శాతం. 21.3లో 80 శాతం అంటే 17 ఆంపియర్లే. పలు ప్లగ్ పాయింట్లున్న సర్క్యూట్‌కు పై మెట్టు బ్రేకరుకు సర్దుకునే వీలును నియమావళి ఇవ్వదు కనుక, ఆ గుంపులో మీ 20 ఆంపియర్ల సర్క్యూట్ చట్టబద్ధంగా 15 అయిపోతుంది. అందమని కేబుళ్లను జిప్‌టైలతో జడలా కట్టేవారిని చూస్తే నాకు భయం ఇందుకే. ఒక్కో రంధ్రానికి రెండు కేబుళ్లు, జాయిస్టు మీద ఒక్కోదానికి వేరే స్టేపుల్, మధ్య వేలెడు ఎడం. ఇంతకు మించిన శాస్త్రం అక్కరలేదు.

వేడికీ దారికీ సంబంధం మళ్లీ ఇక్కడ కనిపిస్తుంది. అటకలో అన్నిటికన్నా వేడి చోటు కప్పు పలకకు ఆనుకుని ఉన్నది, చల్లని చోటు సీలింగ్‌కు దగ్గరగా ఇన్సులేషన్ అడుగున ఉన్నది. జాయిస్టు పక్క ముఖాన నడిపిన ఒంటరి కేబుల్‌ను ఇన్సులేషన్ కప్పినా పరవాలేదు. దాని వేడి బయటికి పోవడం మందగిస్తుంది గాని, గది ఏసీ చలవ కొంత దానికీ అందుతుంది. మీ ఆఫీసు గదిలో రెండు కంప్యూటర్లు, తెరలు, దీపం కలిపినా 5 ఆంపియర్లు దాటవు. కరెంటు వేడి దాని వర్గంతో పెరుగుతుంది కనుక 20 తట్టుకునే కేబుల్‌లో 5 నడిస్తే పుట్టే వేడి పదహారో వంతే. మీరు చెప్పిన 80 అడుగుల దూరానికి 12 ఆంపియర్ల హీటరు పెట్టినా తగ్గే వోల్టేజీ మూడు నుంచి నాలుగు వోల్టులే. దానికోసం లావు కేబుల్ కొనవద్దు.

కేబుల్‌ను ఫర్నేసు పొగగొట్టానికి, వాటర్ హీటరు గొట్టానికి దూరంగా నడపండి. ఏసీ డక్టుల మీద ఆనించవద్దు, వాటికి కట్టవద్దు. అటకలో జాయింటు వేయాల్సి వస్తే మూత ఉన్న పెట్టెలోనే వేసి, ఆ పెట్టె ఇన్సులేషన్ తొలగిస్తే చేతికి అందేలా ఉంచాలి. పెట్టె లేని జాయింటును నేను ఏ కారణం చేతా క్షమించను. మీకు జాయింటే అవసరం లేదు, 100 అడుగుల చుట్ట కొనండి. కొత్త సర్క్యూట్‌కు ప్యానెల్‌లో ఏఎఫ్‌సీఐ బ్రేకరు, అంటే వైర్లలో నిప్పురవ్వలు లేస్తే పసిగట్టి కరెంటు ఆపే బ్రేకరు, పెట్టాలి. పడకగదులకు ఈ రక్షణ చాలాకాలంగా తప్పనిసరి, నా చితికిన స్టేపుల్ వంటి వాటిని పసిగట్టేది అదే.

ఎలుకలు, ఉడతల విషయంలో పైపు వాదానికి బలముంది. మీ అటకలో రెట్టలు, కొరికిన ఇన్సులేషన్ కనిపిస్తే ముందు అవి వచ్చే కంతలు మూయించండి. అప్పటికీ నమ్మకం లేకపోతే ఆ భాగానికి లోహపు కవచమున్న ఎంసీ కేబుల్ వాడవచ్చు. ఎన్‌ఎం కేబుల్‌నే పొడవాటి పైపులో దూర్చడం మాత్రం వృథా శ్రమ. లాగడం కష్టం, వేడి లోపలే ఉంటుంది. పైపే వేయాలనుకుంటే అందులో విడి టీహెచ్‌హెచ్‌ఎన్ వైర్లు లాగడం సరైన పద్ధతి.

కారు చార్జర్‌కు ఆ పద్ధతే సరిపడేలా ఉంది. 48 ఆంపియర్ల చార్జరు గంటల తరబడి నడుస్తుంది కాబట్టి దానికి 125 శాతం లెక్కన 60 ఆంపియర్ల సర్క్యూట్ కావాలి. 6 గేజి ఎన్‌ఎం-బి పరిమితి 55 మాత్రమే, చాలదు. ఇది నేను తరచూ సరిదిద్దే పొరపాటు, ఎందుకంటే అదే 6 గేజి రాగి పైపులో టీహెచ్‌హెచ్‌ఎన్‌గా వెళ్తే 65 వరకు పనికొస్తుంది. కనుక పైపులో 6 గేజి టీహెచ్‌హెచ్‌ఎన్ వేయండి, లేదా 4 గేజి ఎన్‌ఎం-బి వేయండి, లేదా చార్జర్‌ను 40 ఆంపియర్లకు తగ్గించి 50 బ్రేకరుతో 6 గేజి ఎన్‌ఎం-బి వాడండి. రాత్రంతా కారు ఇంట్లోనే ఉండే వారికి మూడోది చాలు. ఏదైనా సరే ఆఫీసు కేబుల్ వెళ్లిన రంధ్రంలో కాక వేరే రంధ్రంలో దింపండి. దానికి ముందు మీ ప్యానెల్ ఆ అదనపు లోడు మోయగలదా అన్న లెక్క వేయించండి.

మీ ఇల్లు 2006 నాటిది కనుక పాత ఇళ్ల చిక్కులు మీకు లేవు. అయితే ఇది చదివే వేరేవారి ఇల్లు 1985కు ముందుదైతే, లోపలున్న పాత ఎన్‌ఎం కేబుల్ 60 డిగ్రీలకే తట్టుకునేది కావచ్చు, పైన చెప్పిన గుణకాల లెక్క దానికి పనికిరాదు. పింగాణీ గుబ్బల మీద విడివిడిగా సాగే మరీ పాత వైరింగ్ కనిపిస్తే దాని మీద ఇన్సులేషన్ కప్పకూడదు, దాని నుంచి కొత్త కొమ్మ తీయకూడదు.

చేసేది మీరేనా అన్న విషయానికి వస్తే, సొంత ఇంట్లో నివసించే యజమాని తన ఇంటి పని తాను చేసుకోవడానికి టెక్సస్ రాష్ట్ర చట్టం లైసెన్సు అడగదు, కానీ నగరం తన నియమాలు పెట్టుకోవచ్చు. పర్మిటు కోసం మీ నగర భవన విభాగానికి ముందే ఫోను చేయండి. పనివాడిని పెట్టుకుంటే అతని లైసెన్సును రాష్ట్ర లైసెన్సుల శాఖ టీడీఎల్‌ఆర్ వెబ్‌సైటులో చూసుకోండి. ఇన్సులేషన్ మీద పరిచేద్దామన్న మనిషిని నేనైతే పెట్టుకోను. నా సలహా ఏమిటంటే అటకలో కేబుల్ నడపడం, స్టేపుళ్లు కొట్టడం మీరు చేసుకుని, ప్యానెల్‌లో కలపడం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. అందుకు ఒప్పుకునేవారిని ముందే మాట్లాడి పెట్టుకోండి. మెయిన్ బ్రేకరు ఆపినా, బయటి నుంచి వచ్చే లావు వైర్లు బిగించిన చోట కరెంటు ఉంటూనే ఉంటుంది. అది నేర్చుకునే చోటు కాదు.

అటకలోకి ఎక్కేముందు అక్కడ ఇప్పటికే ఉన్న సర్క్యూట్లను ఆపండి. వీలైతే మెయిన్ ఆపి, బ్యాటరీ దీపంతో పని చేయండి. ఆస్ట్రేలియాలో 2009లో మొదలై 2010 ఫిబ్రవరిలో ఆగిపోయిన ప్రభుత్వ ఇన్సులేషన్ పథకంలో నలుగురు యువకులు చనిపోయారు, వారిలో ముగ్గురు కరెంటు షాకుతో, ఒకరు వడదెబ్బతో. రేకు ఇన్సులేషన్‌ను బిగించే లోహపు స్టేపుల్ కింద కనిపించని కేబుల్‌లో దిగడం ఆ మరణాల్లో ఒక కారణం. మీ కప్పు పలకకు మెరిసే రేకు పొర ఉంటే దాన్ని కూడా వైరులాగే చూడండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పని పెట్టుకోవద్దు; తప్పకపోతే తెల్లవారుజామున 6కి ఎక్కి 9కి దిగండి, కింద ఒకరు ఉండాలి. మాస్కు, పొడవు చేతుల చొక్కా, మోకాలి కింద వేసుకోవడానికి రెండు జాయిస్టులకు అందే ప్లైవుడ్ ముక్క తీసుకెళ్లండి.

పని అయ్యాక పక్కకు నెట్టిన ఇన్సులేషన్‌ను వెంటనే సర్దేయకండి. ఇన్‌స్పెక్టరు స్టేపుళ్లు, రంధ్రాలు చూసి వెళ్లేవరకు కేబుల్ దారి తెరిచే ఉండనివ్వండి. ఆ లోపు కొలతటేపు పక్కన పెట్టి దారి పొడవునా ఫొటోలు తీసి, ఒక ప్రతిని ప్యానెల్ తలుపు లోపల అంటించండి, తర్వాత ఇన్సులేషన్‌ను ముందున్న లోతుకు సమంగా కప్పేయండి.